వేయించిన ఉప్పుమూట

మూకుడులో కల్లుప్పు చిటపటలాడుతుంటే వచ్చే వేడి వాసన, పెందుర్తిలోని నా వంటింట్లోంచి నన్ను నేరుగా నాన్న పాత తెల్లకారు వెనకసీట్లోకి లాక్కెళ్తుంది.

ఆ కారంటే నాన్నకు ప్రాణం. శుభకార్యానికి బయల్దేరే ముందురోజు సాయంత్రం దాన్ని లోపలా బయటా బిందెలకొద్దీ నీళ్ళతో కడిగి, తడి గోనెపట్టాలు కాళ్ళకింద పరిచి, దుమ్ము పడకుండా అద్దాలన్నీ బిగించేసేవాడు. అలా తళతళలాడే బండిలోనే ఒక డిసెంబరు తెల్లవారుజామున, ఒళ్ళో జంతికల డబ్బాలతో, చలికి ముడుచుకుని ఆరుగురం పిన్ని పెళ్ళికి లంబసింగి కొండెక్కాం. సగం దారిలో మా ఊపిరంతా ముందద్దానికి లోపలివైపు తెల్లగా పేరుకుపోయింది. తుడిచిన కొద్దీ మళ్ళీ పట్టేసేది. పక్కన లోయ, ముందు దారి కనబడదు. ఎండెక్కేదాకా నాన్న బండి ఆపేశాడు. మేం చేరేసరికి చర్చిలో పెళ్ళయిపోయి, అందరూ భోజనాలకు కూర్చున్నారు.

ఒక్కగానొక్క చెల్లెలి పెళ్ళి చూడలేకపోయిన అమ్మ వారం రోజులు నాన్నతో మాట్లాడలేదు. మామయ్య మాత్రం కనబడినప్పుడల్లా, "ఏటి బావా, అద్దం తుడవడం అయినాదా?" అనేవాడు.

మరుసటి చలికాలం పిన్ని కూతురికి బాప్తిస్మం. నాన్న మళ్ళీ బిందె ఎత్తాడు. భీమిలిలో చేపలెండబెట్టి అమ్మే మా నానమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది, ఆ బిందె లాక్కుంది.

"లోపల తడెట్టి మూసీత్తే సేపైనా కుళ్ళిపోద్ది. అద్దం సెమర్సదేటిరా?"

ఆ రోజంతా కారు నాలుగు తలుపులూ బార్లా తీయించి, గోనెపట్టాలు దండెం మీద ఆరేయించి, కాకులు వాలకుండా నన్ను కాపలా పెట్టింది. సాయంత్రం ఉప్పు వేయించి, పాత చీరగుడ్డలో రెండు మూటలు కట్టి, చెమ్మ పీల్చుకోడానికి ముందద్దం కింద పెట్టింది. దారిలో కిటికీలు వేలెడంత దించే ఉంచాలంది.

పళ్ళు కటకటలాడాయి గానీ అద్దం మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. నిరుడు ఆగిపోయిన మలుపు దగ్గర నాన్న అక్కర్లేకపోయినా హారన్ కొట్టాడు, అమ్మ నవ్వింది. గంట కొట్టకముందే చేరాం. పాపను పాస్టరుగారి చేతికందించింది అమ్మే. మామయ్య అద్దం మీద వేలితో గీసి, తడి అంటని వేలు చూసుకున్నాడు.

ఇప్పుడు నా కారులో మీట నొక్కితే చాలు, అద్దం తేటపడుతుంది. నానమ్మ లేదు, నాన్నా లేడు, ఆ తెల్లకారూ లేదు. రేపు ఆ పాప పెళ్ళి, అదే చర్చిలో. హాల్లోంచి అమ్మ మూడోసారి అడుగుతోంది.

"ఉప్పు ఏపినావా?"

"ఏపినానమ్మా."

చెల్లెలి పెళ్ళి చూడలేకపోయిన మా అమ్మ, రేపు ఆ చెల్లెలి కూతురి పెళ్ళిలో ముందు వరసలో కూర్చుంటుంది.