నేను రాయకుండా వదిలేసిన మాట

ఒక వాక్యం ముప్ఫయ్యేళ్ళుగా నాలోనే ఉండిపోయింది. ఒక ఆడమనిషి చెబుతుంటే నేను కాగితం మీద పెట్టాల్సిన వాక్యం అది. పెట్టలేదు. ఆమెకు చదువు రాదు. కాబట్టి ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పెనుకొండకు దగ్గర్లోని ఒక పల్లెలో పోస్టుమాన్‌గా పనిచేసేవాణ్ణి. తొంభైల మొదట్లో మా ఊరి గొర్రెల కాపరి రామాంజిని వేరుశెనగ చేలో ఎవరో కొడవలితో నరికారు. అతని భార్య నర్సమ్మ పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఊపిరి ఉంది, మాట లేదు. ఆమె ఒడిలోనే పోయాడు.

ఆ సాయంత్రం నేను అదే దారిలో సైకిల్ మీద వస్తున్నాను. చేలోంచి ఒక మనిషి వాగు వైపు పరుగెత్తడం చూశాను. వీపు చూశాను. ముఖం చూడలేదు. గొర్రెలు చేలో పడ్డాయని ఓబులేసు అనే రైతుకూ రామాంజికీ అంతకు వారం ముందే గొడవైంది. ఊరంతా ఓబులేసే చేశాడంది. మొదట నేను ‘ఓబులేసులాగా ఉన్నాడు’ అన్నాను. టీ అంగడి దగ్గర నాలుగుసార్లు చెప్పేసరికి అది ‘ఓబులేసే’ అయింది. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఆశ చూపలేదు. అంతమంది నా నోటి వైపే చూస్తుంటే తడబడడం నాకు నామోషీ అనిపించింది, అంతే. కోర్టులోనూ అదే చెప్పాను. ఉద్యోగస్తుణ్ణి, ఎవరితోనూ పేచీ లేనివాణ్ణి. నా మాట నమ్మారు.

ఓబులేసుకు ఉరిశిక్ష పడింది.

ఆ మాట విన్నాను. అయినా నోరు తెరవలేదు. ఎందుకు? జైల్లో వేస్తారనా? ఉద్యోగం పోతుందనా? అవీ ఉన్నాయి. కానీ ‘పోస్టాయన అబద్ధం చెప్పడు’ అని ఊళ్ళో నాకున్న పేరు పోతుందనే ఎక్కువగా భయపడ్డానని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక మనిషి మెడ కంటే నా పేరు నాకు పెద్దదైందా? అయింది.

పది రోజులకు నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. ఊళ్ళో ఉత్తరాలూ అర్జీలూ నేనే రాసిపెట్టేవాణ్ణి.

“అన్నా, ఒగ అర్జీ రాయల్ల. పై కోర్టుకు. ఓబులేసును ఉరి తీయొద్దని.”

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. “నీ మొగుణ్ణి సంపినోడు గదమ్మా?”

“సంపింటే జైల్లో పడుండనీ. ఇడిసిపెట్టమని నేను అడగల్యా. పానం పోయేది ఎట్లుంటాదో నా తొడ మీద చూసినా. కూసోని, ఆలోచన చేసి, దినం పెట్టుకోని ఇంగొగ మనిషిని అట్ల చేయండని నేను చెప్పలేనన్నా.”

రాయడం మొదలుపెట్టాను. ఆమె మళ్ళీ అంది.

“ఇదీ రాయి. ఒగవేళ వాడు కాకపోతే? రేప్పొద్దున ఇంగొగ మాట బయటపడితే, పోయినోన్ని యాడనుంచి తెచ్చిస్తారు?”

నేను కాగితం సర్దుకున్నాను.

“నువ్వు మొగం చూసినావు గదన్నా?”

“చూసినా,” అన్నాను.

“సరే. అయినా రాయి.”

రాయలేదు. ఆ వాక్యం చదివినవాళ్ళు నా సాక్ష్యం వైపు తిరుగుతారని భయం. మిగతాదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. చదివి వినిపించమంది. కాగితం మీద లేని ఆ వాక్యాన్ని కూడా ఉన్నట్టే చదివాను. ఆమె శ్రద్ధగా విని, తలూపి, వేలిముద్ర వేసింది. కోర్టులో చెప్పిన అబద్ధం కంటే ఈ చదవడమే నన్ను ఎక్కువగా తింటోంది. అది ఎందరి ముందో జరిగింది. ఇది నన్ను నమ్మి ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి ముందు.

ఆ కాగితం పట్టుకుని ఆమె బస్సెక్కి హిందూపురంలో ఉన్న ఓబులేసు వకీలు దగ్గరికి ఒంటరిగా వెళ్ళింది. మరిది ఆమెకూ ఓబులేసుకూ సంబంధం అంటగట్టాడు. అత్తగారి ఇంట్లో పలకడం మానేశారు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. కూతుర్ని తీసుకుని ధర్మవరం వెళ్ళి, పట్టుచీరల మగ్గాల దగ్గర కూలికి కుదిరింది. నేను ఎందరినో చూశాను గానీ, తనకు జరిగిన అన్యాయాన్ని చేతిలో పట్టుకుని కూడా దాన్ని ఆయుధం చేసుకోని మనిషిని ఆమె ఒక్కదాన్నే చూశాను. ఓబులేసు మీద ఆమెకు ప్రేమ లేదు. జాలి కూడా ఉందో లేదో చెప్పలేను. ఏది చేయమనకూడదో మాత్రం ఆమెకు తెలుసు. అది ఎక్కడ నేర్చుకుంది? బడికి పోయిన నాకెందుకు తెలియలేదు?

పై కోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. ఆ అర్జీ వల్లేనా? తెలియదు.

ఓబులేసు నిజంగానే చంపి ఉండవచ్చు. అదీ నాకు తెలియదు. తెలియదు అనే కోర్టులో చెప్పాల్సింది.

రెండు వేల ఆరో ఏడో, అతను విడుదలయ్యాడు. ఒకరోజు పెనుకొండ బస్టాండులో ఎదురయ్యాడు. జుట్టంతా తెల్లబడింది. పక్కకు తప్పుకోబోయాను. దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నర్సమ్మ అర్జీ నువ్వే రాసినావంట గదా సామీ. నీ మీద శానా రోజులు కోపమున్యా. ఇప్పుడు ల్యా.”

ఏమన్నాను? “బాగున్నావా” అన్నాను. బస్సొచ్చింది, ఎక్కాను. టికెట్ తీసుకోవడం కూడా మరిచిపోతే కండక్టరు కసురుకున్నాడు.

ఓబులేసు ఇప్పుడు సోమందేపల్లి దగ్గర కూతురింట్లో ఉంటున్నాడు. నర్సమ్మకు చూపు తగ్గినా మగ్గాల దగ్గరికి పోతూనే ఉందట. అప్పుడు ఉరి తీసి ఉంటే, నాకీ మాట చెప్పుకోవడానికి మనిషంటూ మిగిలేవాడు కాదు. ఆమె మిగిల్చింది. సోమందేపల్లికి బస్సులో అరగంట. నేనింకా వెళ్ళలేదు. వెళితే అతను ఏమంటాడో ఊహించుకోవడం మానేశాను. అనాల్సింది అతను. ఇంతకాలం నేను ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ నిజం పైకి అనుకోలేదు. ఈరోజు కాగితం మీద పెట్టాను: నేను ముఖం చూడలేదు.