గోడ మట్టి

కొబ్బరి పీచుతో తాడు పేనేవాళ్ళు వెనక్కి నడుస్తారు. ఒకరు రాట్నం తిప్పుతుంటే, ఒడిలో పీచు పెట్టుకున్న మనిషి దాని కొక్కేనికి పోగు తగిలించి, వేళ్ళ సందున పీచు వదులుతూ, పాక పొడవునా వెనక్కి వెళ్ళాలి. దారి కాళ్ళకు తెలుసు. ఎవరూ తల తిప్పి చూడరు. కాంతం ఒక్కతే చూసేది.

ఆ అలవాటు ఎప్పటినుంచో తోటివాళ్ళకు గుర్తు లేదు. కాంతానికి గుర్తుంది.

రాజోలుకు దిగువన, వశిష్ఠ ఒడ్డున వాళ్ళ ఊరు. భర్త ముత్యాలరాజు రేవులో పడవ నడిపేవాడు. కూతురు పెళ్ళై అంతర్వేది వైపు వెళ్ళిపోయింది. ఇల్లు ఒక గది, ఒక వంటపాక. మట్టిగోడలు, తాటాకు కప్పు. ముందుగోడను ఆనుకుని అరుగు. ఆ గోడను ఆమె ఏడాదికోసారి అలికేది. అలికేటప్పుడు మాట్లాడేది కాదు.

తాడు పేనే పాకలో సువర్ణ అనే అమ్మాయి ఉండేది, ఏసుదాసు మాస్టారి కూతురు. పదో తరగతి అయింది. టీచరు ట్రైనింగు సీటు కోసం చూస్తూ, ఇంట్లో ఊరికే కూర్చోలేక తాడు పేనడానికి వచ్చేది. ఆదివారం చర్చి అయ్యాక రాజోలు వెళ్ళి, అద్దె పుస్తకాల కొట్లో ఒక డిటెక్టివు నవల తెచ్చుకునేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమె చదివితే మిగతా ఆడవాళ్ళు వినేవారు. ఇన్‌స్పెక్టర్ నిశాకర్ నవలలు అప్పటికే ముప్పై దాటాయి. ఆడవాళ్ళు ఆయన్ని చుట్టంలా చూసేవారు. ఈ వారం మన ఇనస్పెట్రు ఏ ఊరెళ్ళేడే అని అడిగేవారు.

ఎనభై ఒకటి వేసవిలో, పంచాయితీ ఎన్నికల ముందు తెచ్చిన నవల రెండువేల ముప్పై ఒకటిలో జరుగుతుంది.

"అప్పటికి ఆయన ముసలాడైపోడూ?" అంది మంగాయమ్మ. పాకలో అందరికన్నా పెద్దది ఆవిడే.

"పుస్తకాల్లోవాళ్ళకి వయసు రాదు పిన్నిగారూ."

"అయితే మమ్మల్నీ అందులో రాయమనవే. మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయి."

ఆ కాలానికి పోలీసుల దగ్గర ఒక యంత్రం ఉంటుంది. తమలపాకుల పెట్టె అంత. గోడకు ఆనిస్తే, ఆ గదిలో ఇదివరకు ఎవరేం మాట్లాడారో తిరిగి వినిపిస్తుంది. పదేళ్ళ లోపు మాట ఏదైనా సరే. ఒక వ్యాపారి తన భాగస్తుణ్ణి చంపాడు. నిశాకర్ ఆ యంత్రం పట్టుకుని వ్యాపారి ఇంటి గుమ్మం ఎక్కాడు.

"ఇటికి గోడకేనా?" అని అడిగింది కాంతం.

సువర్ణ పుస్తకంలోంచి తల ఎత్తింది. కాంతం ఎప్పుడూ ఏమీ అడగదు.

"ఏ గోడకైనా అత్తా."

"మట్టిదైనా?"

"ఆయ్. మట్టిదైతే ఇంకా బాగా పీల్చుకుంటదేమో." సువర్ణ నవ్వుతూ అంది. ఆ మాట పుస్తకంలో లేదు.

"నీ మొగుడు రోజుకో మాటంటాడు. దాని కోసం మిషను కూడా ఎందుకే," అంది మంగాయమ్మ.

అందరూ నవ్వారు. కాంతం కూడా నవ్వింది. సాయంత్రం దాకా ఆమె పేనిన తాడు ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా వచ్చింది.

ఎనిమిదేళ్ళ కిందట, రేవును వేలంలో పాడుకున్న పాటదారు దగ్గర ఆదినారాయణ అనే గుమాస్తా ఉండేవాడు. ముత్యాలరాజు పక్కరేవులో మనుషుల్ని దించాడని, అతను పడవ తోసే గెడకర్ర లాక్కుని, నలుగురిలో తిట్టాడు. వారం తిరగకుండా ఆదినారాయణ గోదాట్లో మునిగి చచ్చిపోయాడు. ఆ సాయంత్రం ముత్యాలరాజు నిలువునా తడిసి ఇంటికి వచ్చాడు. చేతిలో ఆ గెడ ఉంది. ముందుగోడవైపు తిరిగి కూర్చున్నాడు. కాంతం ఏమీ అడగలేదు. మర్నాడు శవం తేలిందని తెలిసినప్పుడు, ఆ గోడ పక్కనే నిలబడి అతనితో చెప్పింది:

"నీకు మూడ్రోజుల్నించి జొరం. ఇల్లు కదల్లేదు. తెలిసిందా."

అతను తల ఊపాడు. హెడ్డు కానిస్టేబులు వచ్చినప్పుడు గుమ్మంలో అడ్డంగా నిలబడి ఆ మాటే చెప్పింది. పోలీసులు నమ్మారు. తరువాత భార్యాభర్తలు ఆ సంగతి ఎత్తలేదు. అతను చంపాడో లేదో ఆమెకు తెలియదు. తెలియకుండా ఉండడానికి ఆమె చాలా కష్టపడింది.

ఎన్నికల బందోబస్తుకు రేవులో ఇద్దరు పోలీసులు దిగారు. ఒకతను మంచినీళ్ళు అడగడానికి కాంతం ఇంటికి వచ్చాడు. భుజాన తోలుసంచిలో నల్లటి పెట్టె. దాన్ని తీసి అరుగు మీద, గోడకు ఆనించి పెట్టాడు.

ఆమె చెంబుతో వచ్చేసరికి పెట్టె మాట్లాడుతోంది.

మగగొంతు. బొంగురుగా, దూరం నుంచి. కానిస్టేబులు దాని మీద ఏదో నొక్కి జవాబు చెప్పాడు. అది మళ్ళీ మాట్లాడింది. కథ కథేనని కాంతానికి తెలుసు. రేడియో తెలుసు, సినిమా బండి మైకు తెలుసు. ఇది ఆ రెండూ కాదు. మాటలు గోడలోంచి వస్తున్నాయో పెట్టెలోంచి వస్తున్నాయో ఆమె చెప్పలేకపోయింది.

"మట్టిగోడ ఎంత చల్లగా ఉందమ్మా," అని అతను అరచేత్తో గోడ తట్టాడు.

"ఆయ్," అంది. చెంబు అందించింది.

అతను నీళ్ళు తాగి, పెట్టె తగిలించుకుని వెళ్ళిపోయాడు. కాంతం గునపం తీసుకుంది.

ముత్యాలరాజు రేవు నుంచి వచ్చేసరికి ముందుగోడ సగం లేదు. దుమ్ములో కాంతం నిలబడి ఉంది. జుట్టు, కనుబొమలు మట్టి కొట్టుకుపోయాయి. అతను ఆమె చేతిలో గునపం తీసుకుని పక్కన పెట్టాడు.

"ఏవైందే నీకు?"

ఆమె చెప్పింది. పుస్తకం, యంత్రం, పోలీసు, నల్లపెట్టె. తన మాట గోడలో ఉందని చెప్పింది. చెప్తుంటేనే అది ఎంత పిచ్చిగా ఉందో ఆమెకు వినిపించింది.

అతను నవ్వలేదు. మట్టిపెళ్ళల మీద కూర్చున్నాడు.

"నీ మాటే కాదే. నాదీ ఉండాలి అందులో."

"నువ్వేం మాట్టాడలేదుగా ఆ రోజు."

"నువ్వు వంటపాకలో పొయ్యి ఊదుతున్నావు. గోడకి చెప్పుకున్నాను. అంతా."

కాంతం అతని ఎదురుగా కూర్చుంది. ఎనిమిదేళ్ళు దాచుకున్న ప్రశ్న చాలా మామూలుగా బయటికి వచ్చింది.

"ఏం చేశావు మావా?"

"గెడ ఇమ్మని వెళ్ళేను. ఆయన పడవ అంచున నిలబడ్డాడు. గెడకి ఆ చివర ఆయన, ఈ చివర నేను. లాగేను. ఆయన వదిలేడు. వెల్లకిలా పడ్డాడు. దూకేను. దొరకలేదు."

"లాగేవా? తోశావా?"

"లాగేను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగేవా? జొరమన్నావు. నేను చంపేనని నువ్వే తేల్చేసుకున్నావు. ఇంక నేనేం చెప్పినా నీకు ఆ జొరంలాగే అబద్ధంలా ఉంటదనిపించింది."

ఆమె అతని చేతుల వైపు చూసింది. గెడ రాపిడికి మొద్దుబారిన చేతులు. లాగినా, తోసినా అటుపక్క మనిషి వెనక్కే పడతాడు. ఆ సాయంత్రం, ఎవరూ వినడం లేదనుకుని అతను చెప్పుకున్న మాటేదో గోడకు తెలుసు. గోడ ముక్కలై వాకిట్లో ఉంది. ఆ యంత్రం నిజంగా ఉంటే బాగుండునని ఆమెకు మొదటిసారి అనిపించింది.

"ఊటచెలమ దగ్గర్నించి మట్టి తెస్తాను. రేపటికి నిలబెట్టెయ్యొచ్చు," అన్నాడు.

"వద్దు. ఇదే మట్టి."

ఆమె నీళ్ళు తెచ్చి పెళ్ళల మీద పోసింది. ఇద్దరూ తొక్కారు. పాత మట్టిలో పాత గడ్డి కనిపిస్తూనే ఉంది. ఒక్క పెళ్ళ కూడా బయట పారెయ్యనివ్వలేదు. వేసవి ఎండకు గోడ తొందరగానే ఆరింది. అతని మాట నమ్మాలని ఆమె రోజూ అనుకునేది. కొన్ని రోజులు నమ్మేది.

గోడ పనిలో పడి ఆమె నవల చివర వినలేదు. మళ్ళీ పాకకు వచ్చిన రోజు మంగాయమ్మ, పీచు చిక్కు తీస్తూ, తనే చెప్పింది.

"ఆ మిషను దండగే. వ్యాపారం చేసేవోడు తెలివైనోడు. గోడలు వింటాయని తెలిసి, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అబద్ధాలే మాట్టాడుకున్నాడంట."

ఎనిమిదేళ్ళ కిందట గోడలు వింటాయని ఎవరికీ తెలియదు గదా అనుకుంది కాంతం. గోడకు అబద్ధం చెప్పాల్సిన పని అప్పుడు ఎవరికీ లేదు. కానీ గోడకు చెప్పుకున్నానని అతను అన్నది మొన్న, యంత్రం సంగతి తను చెప్పాక.

"మరి ఎలా పట్టుకున్నాడు?"

"ఇంకెలాగ? మిషను పక్కన పెట్టి పెళ్ళాన్నడిగేడు."

"ఏవందావిడ?"

"చెప్పేసింది పాపం, ఉన్నదున్నట్టు. ఎన్నాళ్ళని మోస్తది?"

రాట్నం తిరిగింది. కాంతం ఒడిలోకి పీచు తీసుకుని, కొక్కేనికి పోగు తగిలించి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేశాక తల తిప్పి చూసింది. పాక చివర ఎవరూ లేరు. మరి నాలుగడుగులు వేసి మళ్ళీ చూసింది.