ఏసీ పీకించిన కారు

మాది పుంగనూరు. మా అమ్మ చెనక్కాయల చేలల్లో కూలికి పోయి నన్ను చదివించింది. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి నా రెండు కాళ్ళూ పడిపోయినాయి. చంకకర్రలతో నడుస్తాను. డిగ్రీ అయినాక కుప్పంలో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. వారమంతా ఆడనే ఒక గదిలో ఉండి, శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కేదాన్ని.

ఆ ఎక్కడమే నాకు నచ్చేది కాదు. నేను అడక్కముందే ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి ఎత్తి, మూటను పెట్టినట్టు లోపల పెట్టేవాళ్ళు. "పాపం" అనేవాళ్ళు. ఒక సోమవారం పలమనేరులో బస్సు మారేటప్పుడు ఒకాయన అట్లే ఎత్తినాడు. నా కర్రలు కిందనే ఉండిపోయినాయి. నేను అరిచేలోగా బస్సు కదిలిపోయింది. కుప్పంలో దించినాక బస్టాండు అరుగు మీద రెండు గంటలు కూర్చున్నాను, కబురందుకుని ఆఫీసు వాచ్‌మన్ వచ్చేదాకా. దోవలో పోయే ఒకామె నా ఒళ్ళో రూపాయి బిళ్ళ వేసింది. నేను దాన్ని తీసి ఆమె వెనకే విసిరేసినాను. ఇంక నన్ను ఎవురూ ఎత్తేది లేదు, నా బండి నేనే నడుపుకుంటా పోతానని ఆరోజే అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. మదనపల్లెలో ఒక బట్టల వ్యాపారి తన పాత చిన్నకారు అమ్ముతాండాడని తెలిసి తీసుకున్నాను. దాంట్లో ఏసీ ఉన్నింది. మా వీధిలో ఏసీ ఉండే కారు అదొక్కటే. మా మేనమామ నాకంటే ఎక్కువ మురిసిపోయినాడు. సాయంత్రమైతే ఇంజను వేసి, అద్దాలెత్తి, వచ్చినోళ్ళను కూర్చోబెట్టి చల్లగాలి చూపించేవాడు.

"డ్రైవర్ని పెట్టుకోమ్మే. వెనక సీట్లో దొరసాని మాదిరి కూర్చోని పో" అనేవాడు.

నేను డ్రైవర్ని పెట్టుకోలేదు. మదనపల్లెలో టమాటా మార్కెట్టుకు పోయే దోవలో ఒక మెకానిక్కు ఉండేవాడు. ఆయన నా కోసం ఎడమచేతికి అందేట్టు ఒక ఇనుప రాడ్డు బిగించినాడు. ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. క్లచ్చి పిడి గేరు రాడ్డుకే పెట్టినాడు. అంటే స్టీరింగు తిప్పేదానికి మిగిలేది ఒక్క కుడిచెయ్యే.

లైసెన్సు పరీక్షలో ఆ ఒక్క చెయ్యి చాల్లేదు. బండిని నిదానంగా మలపమన్నారు. పళ్ళు బిగించి తిప్పినాను. స్టీరింగు సగంలో మొండికేసింది, బండి పోయి గురుతుకు పెట్టిన డ్రమ్ముకు తగిలింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి, "నీకీ తిప్పలు యాలమ్మా? ఇంట్లో మగోళ్ళు లేరా?" అన్నాడు.

"ఉండారు సార్. ఉద్యోగం నాది, వాళ్ళది కాదు" అన్నాను.

కాగితం మీద ఫెయిలని రాసిచ్చినాడు. బండి గుద్దింది కాబట్టి దాన్ని తప్పని అనను. ఆ మాట మాత్రం మింగుడు పడలేదు.

నేరుగా మెకానిక్కు దగ్గరికే పోయినాను. "అన్నా, స్టీరింగు అంత బిగువు యాల?"

"ముందర బరువు జాస్తి ఉండాదమ్మా. బరువంతా ముందు చక్రాల మీద కూర్చుంటే తిప్పేది కష్టమే. రెండు చేతులతో అయితే తెలీదు."

"ముందరుండే వాటిలో బండి నడిచేదానికి అక్కరలేనిది ఏముండాది?"

ఆయన బానెట్టెత్తి కాసేపు చూసినాడు. "ఏసీ ఒక్కటి లేకపోయినా నడుస్తాది" అని, నా మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. "వద్దమ్మా. అది తీసేస్తే రేపు బండి ఎవురూ కొనరు."

"అమ్మేదానికి కొన్లేదన్నా, నడిపేదానికి కొన్నా. పీకెయ్."

మరుసటి రోజు ముందుగా ఫ్రిజ్జులు బాగుచేసేటాయన్ని పిలిపించి గ్యాసు తీయించినాడు. తర్వాత బెల్టు, ఇనుప గుండు మాదిరుండే కంప్రెసరు, దాన్ని పట్టుకునుండే బ్రాకెట్టు, రేడియేటరు ముందర జల్లెడ మాదిరి కండెన్సరు, దాని ఫ్యాను, డ్యాష్‌బోర్డు కింద చల్లగాలి డబ్బా, పైపులు. ఒక్కోటి ఊడొచ్చి గోనెపట్ట మీద పడతాంటే పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తాండాను. మధ్యాహ్నానికి మా మామ బస్సు దిగి వచ్చినాడు. ఎవరు చెప్పినారో ఏమో.

"ఏసీ లేని కారు కొని ఏసీ పెట్టించుకునేటోళ్ళని సూసినా. ఉండేదాన్ని పీకించేదాన్ని నిన్నే సూస్తాండా. ఎండకి మాడి సస్తావు!"

"మాడితే నేనే కదా మామా మాడేది. బండి తిరక్క గోడకి గుద్దుకుంటే నీ చల్లగాలి నన్ను కాపాడతాదా?"

"ఊర్లో నగుతారు మే."

"నగనీ."

పక్క మండీలో కాటా ఉంటే ఆ సామానంతా మోయించి తూకం వేయించినాను. ఒక పెట్టె టమాటాల కంటే రవంత ఎక్కువే తూగింది. "దీనికేనా ఇంత రభస!" అన్నాడు మామ. మెకానిక్కు మాత్రం చక్రాల్లో గాలి సరిచేసి, స్టీరింగు కీళ్ళకు గ్రీజు పెట్టి, ఒంటిచేత్తో పట్టి తిప్పేదానికి స్టీరింగు మీద ఒక గుండ్రటి పిడి బిగించి, "ఇప్పుడు తిప్పి సూడమ్మా" అన్నాడు.

తిప్పినాను. బండి తిరిగింది. పువ్వు మాదిరి తిరిగిందని చెప్పను. భుజం నొప్పెట్టింది. అయినా చివరిదాకా తిరిగింది.

సెలవు పెట్టి, పుంగనూరులో పశువుల సంత జరిగే మైదానంలో రోజూ పొద్దున్నే మలపడం నేర్చుకున్నాను. మా అమ్మ రాళ్ళు పేర్చి గురుతులు పెట్టేది. బండి రాయికి తగిలితే పోయి మళ్ళీ దాని చోట పెట్టొచ్చేది. జనం నిలబడి చూసేవాళ్ళు. ఏసీ పీకించిన పిచ్చిది ఇదేనని ఒకరికొకరు చూపించేవాళ్ళు. అద్దాలు దించే ఉండేవి కాబట్టి అన్నీ వినబడేవి.

రెండోసారి పరీక్షకు పోతే ఇన్‌స్పెక్టరు గుర్తుపట్టినాడు. "మళ్ళీ వచ్చినావా?"

"పాసయ్యేదాకా వస్తానే ఉంటాను సార్."

పక్కన కూర్చుని మలపమన్నాడు, వెనక్కి పోనిమ్మన్నాడు, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమన్నాడు. అన్నీ చేసినాను. ఆయన జేబుగుడ్డ తీసి మెడ తుడుచుకుంటా, "ఏసీ బటన్లుండాయే, వెయ్యి" అన్నాడు.

"బటన్లే ఉండాయి సార్. మిగతాది పీకించేసినా."

యాలని అడిగితే చెప్పినాను. ఆయన నగలేదు, మెచ్చుకోనూ లేదు. సంతకం పెట్టిచ్చినాడు. నాకు కావలసింది అదే.

మంచి ఎండాకాలంలో మొదటిసారి కుప్పానికి నేనే నడుపుకుంటా పోయినాను. పక్కన అమ్మ. వేడిగాలి మొహానికి కొడతాంటే ఆమె తడిగుడ్డతో నా నుదురు తుడిచేది. చేరేసరికి రవికె వీపుకు అతుక్కుపోయింది. భుజం ఎత్తలేకపోయినాను. అమ్మ చెట్టు నీడన కూర్చుండిపోయింది. నేను లోపలికి పోయి మా పైఅధికారి ముందర నిలబడినాను.

మా ఆఫీసులో పింఛన్ల అర్జీలు విచారించేదానికి గుమాస్తాలు వంతులవారీగా పల్లెలకు పోవాల. ఆ పట్టీలో నా పేరు ఎప్పుడూ రాసేవాళ్ళు కాదు.

"సార్, పల్లెల డ్యూటీకి నా పేరు కూడా రాయండి."

"నీకెందుకమ్మా? నిన్నెవరైనా ఏమన్నా అన్నారా?"

"అనకపోవడమే సార్ నాకు బాధ. జీతం అందరితో సమానంగా తీసుకుంటాండాను. పని కూడా అట్లే ఇవ్వండి."

ఆయన పట్టీ ముందరికి లాక్కుని, పెన్ను తీసినాడు.

ఆ వారమే మొదటి పల్లెకు పోయినాను. తార్రోడ్డు అయిపోయినాక మట్టిబాట. నిదానంగా నడిపి ఊరి మధ్యలో ఆపినాను. తలుపు తెరిచి, సీట్లో కూర్చునే, అట్టమీద కాగితాలు పెట్టుకుని పేర్లు రాసుకుంటాండాను. వరసలో ముందరున్న ఒక అవ్వ కారు లోపలికి తొంగి చూసింది.

"నిన్నెవురు తోలుకొచ్చినారు మే?"

"నేనే తోలుకొచ్చినానవ్వా."

"అట్లనా" అని, "అయితే రాసుకో, మా ఆయన పోయి మూడేండ్లాయ" అని చెప్పడం మొదలుపెట్టింది.