మనామాలో సకినాల డబ్బా

“తిరిగి ఇచ్చుడంటే ఇచ్చుడే అమ్మమ్మా.”

“ముసల్దానికి ఒకామె ఇంత చాయపత్త ఇస్తే నీ కొలువుకేమైతది?”

“గా చాయపత్తకే పోతది నా కొలువు.”

“నేను ఊకె తీస్కోలె. సకినాలు పెట్టిన.”

“అది ఇంకా అధ్వాన్నం.”

మనామాలో అద్లియా అనే పేటలో, నా మనవరాలు శ్రావణి గదిలో, దీపాలు పెట్టే వేళ జరిగిన గొడవ ఇది. మంచం మీద ఎర్రటి టీ డబ్బా. మర్నాడు మధ్యాహ్నం నా తిరుగు విమానం.

శ్రావణి నా కూతురి బిడ్డ. హైదరాబాద్‌లో చైనా భాష చదివింది. అది ఏం కూడు పెడుతుందని అప్పట్లో నేనే తిట్టాను. ఇప్పుడు బహ్రెయిన్‌లో దుబాసీ పని. సెలవు దొరకదు, నువ్వే రమ్మంది. వద్దనేదాన్నే, కొన్న టికెట్ వాపసు లేదంటే బయల్దేరాను.

జగిత్యాల నుంచి పొద్దున బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి హైదరాబాద్ చేరతాం. అన్నం కట్టుకుని వెళ్లండి, విమానాశ్రయంలో తిండి కొనే ధరలో ఉండదు. విమానంలో నా పక్కన కమ్మర్‌పల్లి అతను, మేస్త్రీ పని.

“దుబాయికి పోతున్నవా అవ్వా?”

“బహ్రెయిన్‌కు.”

“ఏదైనా దుబాయే అవ్వా. క్యాంపుల పన్నంక అన్నీ ఒక్కతీర్గనే ఉంటయ్.”

దిగాక తిరుగు టికెట్ అడిగారు. ఆ కాగితం చేతి సంచిలోనే ఉంచుకోండి.

శ్రావణి పని చేసేది లంచగొండులను పట్టుకునే ఆఫీసులో. ఒక చైనా కంపెనీ ఇక్కడ కట్టడాల పని కోసం లంచాలిచ్చిందని వీళ్లకు అనుమానం. ఆ డబ్బు ఏ దారిన వచ్చిందో కంపెనీ సొంత జిల్లాలో విచారించి, అక్కడి అధికారులు ఇద్దరు కాగితాలతో వచ్చారు. వాళ్ల మాట వీళ్లకు, వీళ్ల మాట వాళ్లకు చేర్చేది నా మనవరాలు. వారం రోజులుగా ఇంట్లో ఆ సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు, ఈ గొడవప్పుడే నాకు తెలిసింది.

గొడవ జరిగిన రోజు సాయంత్రం ఇద్దరం జిదాఫ్స్ అంగడికి పోదామనుకున్నాం. టాక్సీ దండగని నేనే బస్సులో దాని ఆఫీసు దాకా వెళ్లాను. నాలుగు గంటలకు కింది చాయ్ దుకాణంలో కూర్చుని సకినాల డబ్బా తీశాను. పక్క బల్ల దగ్గర ఒక చైనా ఆమె, యాభై ఏళ్లుంటాయి, చాయ్ ఒక గుక్క తాగి ముఖం చిట్లించి పక్కకు పెట్టింది. ఆకలి మీదున్న మనిషిలా కనిపించింది. సకినం చేతిలో పెట్టాను. తిన్నది, ఇంకోటి తిన్నది. నాకు ఎలాగూ పళ్లు ఆనవు, డబ్బా మొత్తం ఇచ్చేశాను. ఆమె సంచిలోంచి ఈ టీ డబ్బా తీసి నా ఒడిలో పెట్టింది. మాటల్లేవు, నవ్వుకున్నాం. అంతలో శ్రావణి మెట్లు దిగి “అమ్మమ్మా” అని పిలిచింది. ఆమె మా ఇద్దరినీ చూసి లేచి నిలబడింది. ఆమే ఆ జిల్లా అధికారిణి, లీ మేడమ్.

“రెండు దిక్కుల మాట చెప్పేదాన్ని నేను,” అంది శ్రావణి గదిలో. “ఒక దిక్కు నుంచి చాయపత్త వచ్చిందంటే, ఇన్ని రోజులు నేను చెప్పిన ప్రతి మాట మీద అనుమానమే. కేసు మళ్ల మొదటికొస్తది.”

“ఆమె చెప్తదా?”

“ఆమె చెప్పకున్నా నేను చెప్త.”

టీ డబ్బా మూత తీయకుండా సంచిలో పెట్టాను.

పొద్దున ఎనిమిదికి నా సామానుతో సహా ఆఫీసుకు వెళ్లాం. శ్రావణిని వేరే గదిలో కూర్చోబెట్టారు. నా మాట తను చెప్పకూడదట. పెద్దాఫీసరు తెల్లటి పొడుగు చొక్కా, తలగుడ్డతో వచ్చి ఉర్దూలో అడిగాడు. ఉర్దూ మా జగిత్యాల అంగట్లో నేర్చిందే, సరిపోయింది.

“ఆమె ఎవరో తెలుసా, అమ్మాజీ?”

“తెల్వదు.”

“మరి ఎందుకు ఇచ్చావు?”

“ఆకలితో ఉంది, ఇచ్చిన.”

“నువ్వెందుకు తీసుకున్నావు?”

“వద్దంటే చిన్నబోతదని.”

తర్వాత లీ మేడమ్‌ను లోపలికి పిలిచి, ఫోనులో ఇంకో దుబాసీతో ఇవే ప్రశ్నలు వేశారట. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. శ్రావణి గది తలుపు మూసే ఉంది. విమానానికి ఆలస్యమవుతోందని ఎవరితోనూ అనలేదు.

పదింటికి లీ మేడమ్ బయటికి వచ్చింది. నేను టీ డబ్బా ఇచ్చాను, ఆమె నా స్టీలు డబ్బా ఇచ్చింది. శుభ్రంగా తోమి ఉంది. ఎవరి గిన్నెనైనా ఉత్తగా తిరిగి పంపడం మా ఇళ్లలో లేదు, వాళ్ల ఇళ్లలోనూ లేదేమో, ఆ ఉత్త డబ్బా ఇచ్చేటప్పుడు ఆమె తల వంచుకుంది. ఆఫీసరు శ్రావణి గది తలుపు తీసి “యల్లా” అన్నాడు, పదండి అని. అది కాగితాలు పట్టుకుని లీ మేడమ్ వెనకే లోపలికి పోయింది. నా వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది.

విమానాశ్రయానికి ఒక్కదాన్నే టాక్సీలో వెళ్లాను. ఈ ప్రయాణంలో నేను పెట్టిన దండగ ఖర్చు అదొక్కటే, దానికి బాధ లేదు. తనిఖీ దగ్గర ఒకతను నా సంచి విప్పించి స్టీలు డబ్బా మూత తీశాడు. లోపల ఏమీ లేదని చూసి, మూత పెట్టి, నా చేతికిచ్చాడు.