ఆటోలో గరుడ దర్శనం

ఎండాకాలంలో ఒకసారి ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు షేర్ ఆటోలో పోతున్నాను. చేలల్లో పత్తికట్టె కాలుస్తున్నారు, రోడ్డంతా పొగ. మంటకు లేచే మిడతల కోసం గద్దలు తిరుగుతుంటే బైనాక్యులర్స్‌తో తల బయటపెట్టాను.

"ఏం సూస్తాండావన్నా?" అన్నాడు డ్రైవరు.

"గద్దను. తల తెల్లగా, రెక్కలు ఇటుకరంగులో ఉన్నాయి."

"గద్ద అనాకు అన్నా, గరుత్మంతుడు!" అంటూ హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ జోడించాడు. ఆటో రోడ్డు దిగి కంపచెట్లలో దూరి ఆగింది. పక్కన నేతచీరల మూటతో కూర్చున్న అవ్వ ఒక చేత్తో మూటనూ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుంది.

మళ్లీ రోడ్డెక్కిన కాసేపటికి ఆ పక్షి సరిగ్గా మా మీదికే వచ్చింది.

"మళ్లా వచ్చినాడా అన్నా?" ఆశగా అడిగాడు డ్రైవరు. ఒక చెయ్యి అప్పుడే లేచింది.

ఏ పక్షికీ తప్పుడు పేరు చెప్పని వాణ్ణి నేను. "కాకి," అన్నాను.

అవ్వ తొంగిచూసింది. "ఔనప్పా, కాకే. నువ్వు ముందర సూసుకోని పోనీ," అని, చప్పుడు కాకుండా లెంపలేసుకుంది.

గరుత్మంతుడికో, అబద్ధానికో తెలియలేదు. నేను మాత్రం రెండింటికీ కలిపి వేసుకున్నాను.