గుల్ల అచ్చులో తమ్ముడి విమానం

రేకుల తాతంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. ఊరి బడిలో నేర్చిన భిన్నాలతోనే ఎంతటి విమానాన్నైనా పన్నెండో వంతు నమూనాగా దించగల మనిషి. విమానాల షెడ్డులో రేకుల మేస్త్రిగా పనిచేసినన్నాళ్లూ ఆయన చెయ్యి పడని రెక్క లేదు. ఆ తర్వాత చేసిన నమూనాలు పైలట్ల బడిలో ఒక గాజు అల్మారాను నింపేశాయి. నమూనాల పోటీల్లో వరసగా మూడుసార్లు మొదటి బహుమతి ఆయనదే. నాలుగోసారి పిలిచి న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు, మిగతావాళ్లకూ ఒక అవకాశం రావద్దూ! ఇవన్నీ అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. చెప్పుకోదగ్గవే కదా.

పనంతా పెరటి గదిలో. విమానం పొట్టను రెండు దొప్పలుగా టేకు చెక్కలో చెక్కి, కన్నాల పెట్టె మీద బోర్లించేవాడు. తనే కట్టుకున్న హీటరులో ప్లాస్టిక్ షీటును బొజ్జ జారేదాకా కాచి, చెక్క మీద కప్పేవాడు. పెట్టెకు ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరు గొట్టం తగిలించి ఉండేది. మీట నొక్కితే అది గాలి లాగేసేది, షీటు తడిబట్టలా చెక్కను కరుచుకునేది. తమ ఇంట్లో ఆ యంత్రం దుమ్ము తప్ప అన్నీ పీలుస్తుందని భార్య వచ్చినవాళ్లందరితో అనేది.

ఆయన తమ్ముడు పొలాలకు మందు చల్లే చిన్న విమానం నడిపేవాడు. ఒక ఉదయం పొగమంచులో కరెంటు తీగలు కానరాక, ఆ విమానంతోనే పోయాడు. అది జరిగి ముప్పై ఏళ్లు దాటింది. తమ్ముడి భార్య రెండు వీధుల అవతల కూతురి దగ్గర ఉంటోంది. చక్కెర జబ్బు ఆమె చూపును మింగేసింది. ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, ఒకనాడు తాతను పిలిపించుకుని అడిగింది.

"కళ్లు పోతే పోయాయి బావగారూ. ఆయన ముఖం కూడా మసకబారిపోతోంది. ఫొటో ఉండి నాకేం లాభం? ఆ విమానం ఒకటి చేసివ్వండి. చేతికైనా గుర్తొస్తారేమో."

అదెంత పని అన్నాడు తాత. తన పేరు నిలబెట్టేలా చేశాడు కూడా. అద్దంలా నున్నగా సానపట్టి, పసుపు రంగు మూడు పూతలు వేసి, తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె ముక్కు నుంచి తోక దాకా తడిమింది. మళ్లీ తడిమింది.

"చాలా నున్నగా వచ్చింది బావగారూ" అంది, చుట్టాలు తెచ్చిన చీరను మెచ్చుకున్నట్టు.

తాత ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చి, పోటీలో పెడితే గోరు జారిపోయేంత నునుపు తెచ్చానని గొణిగాడు. భార్య చేస్తున్న పని ఆపలేదు.

"మీరు చేసింది పోటీకి. అది అడిగింది మొగుణ్ణి" అంది.

ఆ మాట సూటిగా దిగింది. తమ్ముడి విమానం ఏనాడు నున్నగా ఉంది కనుక? ఒళ్లంతా రేకులు బిగించిన రివిట్లు. తలుపు కింద రాయి తగిలి చిరిగినచోట తాత స్వయంగా వేసిన రేకు అతుకు. నమూనాకు అతుకేమిటి, మచ్చలా ఉంటుందని తనే వదిలేశాడు.

అయితే చెక్క మీద రివిట్లు ఎంత చక్కగా పొదిగినా, పైన కప్పిన షీటు మందంలో అవి మొద్దుబారిపోతాయి. అవి చేతికి తగలాలంటే పద్ధతి తిరగెయ్యాలి. అచ్చును గుల్లగా తవ్వి, షీటును లోపలికి పీల్చాలి. పైకి ఉబ్బాల్సిన ప్రతి రివిటూ, ఆ అతుకూ అచ్చులో గుంట కావాలి. జీవితమంతా ఎత్తులు చెక్కిన చేతులు లోతులు తవ్వడం మొదలెట్టాయి. ఉలి జారితే, ఆ చెక్క పారేసి మరొకటి పట్టాడు. మొదటి షీటు లోతైన మూలలో పలచబడి చిరిగింది. రెండోదీ అంతే. మూలలు కొంచెం గుండ్రం చేసి, అట్టడుగున గాలి లాగే సూదిబెజ్జాలు పెంచాక గానీ దొప్పలు దక్కలేదు. ఆ రోజు మీట నొక్కింది భార్యే.

రంగు జోలికి పోలేదు. రంగు పూస్తే రివిట్లు పూడిపోతాయి. తాత చేతి నుంచి రంగు లేకుండా బయటికెళ్లిన విమానం అదొక్కటే.

ఈసారి మరదలి వేళ్లు నెమ్మదిగా నడిచాయి. ముక్కు మీద, రెక్క మొదట్లో, తలుపు అంచున. తలుపు కింద ఆగిపోయాయి. చాలాసేపు కదల్లేదు.

"ఎక్కే ముందు రోజూ దీని మీద అరచెయ్యి వేసేవారు" అంది. "'ఇది మా అన్న చెయ్యి, నాకేం కాదు' అనేవారు. నేను నవ్వుతుంటే, నవ్వకే పిచ్చిదానా, నువ్వూ పెట్టు అని నా చెయ్యి లాగి పెట్టారోసారి. రేకు ఎండకి కాలిపోతోంది. ఆ గొంతు ఇప్పుడు వినబడుతోంది బావగారూ."

తమ్ముడు ఈ మాట తాతతో ఎన్నడూ అనలేదు. తాత ఒక్కసారి ఇటివ్వమ్మా అని విమానం అందుకుని, కళ్లు మూసుకుని, ఆ అతుకు మీద బొటనవేలు ఆనించాడు. నాలుగు మూలలా నాలుగు రివిట్లు. వదల్లేకపోయాడు.

కాసేపటికి మరదలు రెండు చేతులూ చాచింది.

"ఇక చాలు, ఇచ్చేయండి బావగారూ" అంది.