నేను మనిషిని కానని నా గొంతే చెప్పింది

నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లన్నింటిలో నేను మనిషిని కానని వారం తిరక్కుండానే తేలిపోయింది. తేల్చింది నా శత్రువులు కాదు. వాళ్లకే అంత తెలివి ఉంటే ఆ పని ఎప్పుడో చేసేవాళ్లు. తేల్చింది నేనే, నా సొంత గొంతుతో, ప్రభుత్వ మార్గదర్శకాలను అక్షరం పొల్లుపోకుండా పాటించి మరీ. ఒక రైతు పచ్చటి వరిని నీళ్లపాలు చేసేదాకా వెళ్లిన ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. చివరిదాకా చదివి నవ్వండి చాలు. సగంలో నవ్వేవాళ్లతో నాకు వాదన పెట్టుకోబుద్ధవుతుంది.

బాన్సువాడలో మాది మహిళా రైతుల సంఘం. అధ్యక్షురాలు అనసూయవ్వ. ఆమె మాట తక్కువ, పని ఎక్కువ. కార్యదర్శిని నేను. నా సంగతి మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ మాకు ఫోన్‌లో జవాబు చెప్పే ఏఐ మిషన్ ఒకటి తయారు చేసి ఇచ్చింది. రైతు ఫోన్ చేసి తన పంట గోడు చెప్పుకుంటే మిషన్ విని, తెలుగులోనే సలహా చెబుతుంది. ఎరువెప్పుడు వేయాలి, కాలువ నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఆకు మీద మచ్చలొస్తే ఏం చేయాలి, ఇలాంటివన్నీ.

వానకాలమంతా బాగానే నడిచింది. యాసంగి నాట్లు మొదలయ్యాయో లేదో, పై నుంచి కబురు వచ్చింది. ఏఐ నడిపేవాళ్లంతా ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం నడపాలి, ఒక అధికారి వచ్చి చూస్తారు, ఆయన సరే అంటేనే సేవ ఉంటుంది, లేకపోతే మూసెయ్యాలి. మార్గదర్శకాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. అసలు పత్రం ఒకటి, దానికి వివరణ ఒకటి, మనల్ని మనమే పరీక్షించుకునే ప్రశ్నలు, బొమ్మలతో చెప్పే వీడియోలు, ఇంకా సందేహం మిగిలితే ఫోన్ చేయడానికి సహాయ కేంద్రం. ఇన్ని పెట్టాక కూడా తప్పు చేసేవాళ్లు ఎవరుంటారని వాళ్లు అనుకొని ఉంటారు. పాపం, నా పేరు వాళ్లకు తెలియదు.

"గివన్ని ఎవరు సదువుతరు?" అంది అనసూయవ్వ సంఘం మీటింగులో.

అందరూ నేల చూపులు చూశారు. నేను లేచి నిలబడ్డాను. డిగ్రీ కాలేజీలో వక్తృత్వపు పోటీ ఎక్కడ జరిగినా కప్పు నాది. అవతలి పక్షం వాళ్లే కాదు, ఒకసారి జడ్జి కూడా నాతో వాదించలేక మంచినీళ్లు అడిగాడు. నేను చదవక ఇంకెవరు చదువుతారు?

"జర నిమ్మళంగ సదువు బిడ్డా," అంది అనసూయవ్వ. "నువ్వు సదివేటప్పుడు గూడ లొల్లి పెడ్తవు."

నిజమే, లొల్లి పెడుతూనే చదివాను. అయినా అంతా చదివాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. జిల్లాలో ఆ పత్రాన్ని చివరి పేజీదాకా చదివిన మనిషి ఇంకొకరుంటే నా ముందుకు రమ్మనండి. చదివి ముఖ్యమైన సంగతులు ఏరుకున్నాను. మాట్లాడుతున్నది మిషన్ అని ముందే తెలియజేయాలి. మిషన్ తప్పు చెబితే సరిదిద్దడానికి ఒక మనిషి అందుబాటులో ఉండాలి. చెప్పేది జనానికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

భాష దగ్గర నా పౌరుషం లేచింది. కంపెనీ వాళ్లు పెట్టిన గొంతు ఏసీ గదిలో పుట్టి ఏసీ గదిలోనే పెరిగినట్టుండేది. డోంగ్లి వైపు నుంచి ఫోన్ చేసిన ఒకాయనైతే ఆ గొంతు విని, ఏదో లోను ఇస్తామనే పిల్ల అనుకొని పెట్టేశాడు. అందుకని నా గొంతు రికార్డు చేసి పంపాను. మిషన్ దాన్ని నేర్చుకొని, అచ్చం నాలాగే మాట్లాడడం మొదలుపెట్టింది. ఆగాల్సిన చోట ఆగకపోవడంతో సహా. తర్వాత కంపెనీ వాళ్లకు చెప్పి, రైతు మాట్లాడేటప్పుడు అది ఆగి వినేలా చేయించాం. నన్ను అలా మార్చే కంపెనీ ఇంకా రాలేదని మా ఆయన అంటుంటాడు.

ఇక మొదటి మాట. అది కూడా నా గొంతులోనే: "నమస్తే. నేను మనిషిని కాను, మిషన్‌ను. నా మాట తప్పు కావచ్చు. మనిషితో మాట్లాడాలంటే తొమ్మిది నొక్కండి." తొమ్మిది నొక్కితే కాల్ ఎక్కడికి వస్తుందంటారా? నా ఫోన్‌కే. సంఘంలో ఫోన్ ఎత్తి గట్టిగా మాట్లాడగలిగింది నేనే కదా.

ఏదైనా మొదలుపెట్టే ముందు కొందరు రైతుల చేత వాడించి చూడమని కూడా మార్గదర్శకాల్లో ఉంది. దాన్ని దాటేశాను. రైతుల సంగతి రైతులను అడిగి తెలుసుకోవాల్సిన దశలో నేను లేనని నా నమ్మకం. దాని బదులు సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. సందేహం తీర్చుకోవడానికి కాదు, వాళ్ల తెలుగు సరిదిద్దడానికి.

"చెప్పండి మేడమ్, మీ సందేహం ఏమిటి?" అన్నాడు అవతలి మనిషి, ఎంతో మర్యాదగా.

"నాకు సందేహం లేదు, మీకే తప్పు ఉంది. ఈ వాక్యాలేంది? ఎవరు ఎవరికి చెప్పాల్నో తెలుస్తలేదు. మా రైతు చదివితే పొలం వదిలి పారిపోతడు."

"అనువాదం మేడమ్, చూస్తాం. మీ సేవలో మిషన్‌కు వాడుతున్న గొంతు ఎవరిది?"

"నాదే."

"ఫిర్యాదు వస్తే మాట్లాడే మనిషి?"

"నేనే."

"అయితే మేడమ్, చిన్న ఇబ్బంది ఒకటి..."

"చిన్న ఇబ్బందులు మేం చూసుకుంటం. మీరు ముందు గా వాక్యాల సంగతి చూడండి."

ఫోన్ పెట్టేశాను. ఆ చిన్న ఇబ్బందేమిటో ఆ రోజే విని ఉంటే ఇప్పుడు మీరు వేరే ఎవరి వ్యాసమో చదువుకుంటూ ఉండేవారు.

మార్చిన సేవ మొదలైంది. ఫోన్లు బాగానే వచ్చాయి. నా గొంతు ఊరూరా మోగుతుంటే నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఆ సంబరంలోనే కూరగాయల మార్కెట్‌కు వెళ్లాను. వంకాయలమ్మే రాజవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"అక్కా, నువ్వు మనిషివి కాదంట గద?"

"ఎవరన్నరు?"

"నువ్వే అన్నవు. మా పెనిమిటి ఫోన్‌ల విన్నడు. పాపం, నీ అంత నువ్వు ఒప్పుకున్నవట."

ఇంటికి వస్తే మా ఆయన పళ్లెం ముందు కూర్చొని ఉన్నాడు. "కూరల ఉప్పు లేదు. మనిషితో మాట్లాడాల్నంటే ఏం నొక్కాలె?" అన్నాడు. ఆ పూట ఆయన ఉప్పు లేకుండానే తిన్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. తొమ్మిది నొక్కినవాళ్లు నా గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తున్నారు. "మల్ల గదే మిషన్ ఎత్తింది" అని వాళ్లు పక్కవాళ్లతో అనడం నాకు వినబడుతూనే ఉంది. నేను రెండో మాట అనేలోపే టక్కున కట్. జీవితంలో మొదటిసారి నా మాట పూర్తి కాకుండానే ఎదుటివాళ్లు తెంచేస్తున్నారు. అది ఎంత బాధో అప్పుడే తెలిసింది. ఇతరులకు అలా చేసి ముప్పై ఏళ్లు గడిపాను కదా, తెలిసే అవకాశం రాలేదు.

అధికారి వచ్చే రోజు రానే వచ్చింది. ఆఫీసు ఊడ్చి, కుర్చీలు వేసి, అనసూయవ్వ చాయ్ పెట్టించింది. అధికారి నెమ్మదస్తుడు, కళ్లజోడు పైనుంచి చూస్తాడు. కుర్చీలో కూర్చున్నాడో లేదో నా ఫోన్ మోగింది. కాలువ చివరి ఊరి నుంచి సాయిలు. నాకు వరసకు తమ్ముడవుతాడు. అతనికి ఉన్నదంతా ఆ రెండెకరాల వరే. పూత మీదుంది. నడిమధ్యలో అక్కడక్కడా గుండ్రంగా ఎండిపోతోందని మిషన్‌కు చెప్పాడట. నీళ్లు చాలడం లేదనుకొని, నిండుగా నీళ్లు పెట్టమంది మిషన్. సాయిలుకు అనుమానం వచ్చి తొమ్మిది నొక్కాడు.

"మొదళ్లల్ల ఏమన్న చిన్న పురుగులు ఎగురుతున్నయా?" అని అడిగాను.

"ఎగురుతున్నయి."

అది నీళ్లు లేక ఎండడం కాదు, దోమపోటు. మొదళ్లలో దోమ చేరి రసం పీల్చేస్తోంది. దోమపోటుకు నీళ్లు పెట్టడమంటే దొంగకు పీట వేసి కూర్చోబెట్టడమే. ఉన్న నీళ్లు తీసెయ్యాలి.

"సాయిలూ, నీళ్లు పెట్టకు. ఉన్నవి తీసెయ్."

సాయిలు నెమ్మదిగా అన్నాడు: "ఇప్పుడే నీళ్లు పెట్టుమన్నవు. ఇప్పుడే వద్దంటున్నవు. ఇగ నువ్వు ఖరాబైనవు."

"అప్పుడు చెప్పింది మిషన్. ఇప్పుడు నేను. సులోచనక్కను."

"గొంతు అక్కదే. గని మనిషిని కానని నువ్వే చెప్తివి."

"అరె, నిజంగ నేనే. మీ పెండ్లిల పప్పు మాడింది, యాదికున్నదా?"

"మిషన్లకు అన్నీ తెలుస్తయట, టీవీల చూసిన. నా నీళ్ల వంతు అచ్చింది, తూము ఇప్పుతున్న. ఉంట మరి."

కట్. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. ఎత్తి, "దీనికి ఏమైంది, అదే ఫోన్ జేస్తుంది ఇప్పుడు" అని ఎవరితోనో చెప్పి పెట్టేశాడు.

స్కూటీ తాళం తీసుకున్నాను. "సార్, మీరు చూడ్డానికి వచ్చింది మనిషి సరిదిద్దుడే గదా? నడువుండ్రి, సరిదిద్దుతున్న," అని అధికారితో అన్నాను. అనసూయవ్వ ఏమీ అడక్కుండా వచ్చి వెనక కూర్చుంది. అధికారి చాయ్ కప్పు చేతిలో పట్టుకునే జీపు ఎక్కాడు. ఆ కప్పు సంఘానిది. తర్వాత జాగ్రత్తగా తిరిగి తెచ్చాడు, అది ఆయన మంచితనం.

కాలువ గట్టు మీద ఆ స్కూటీ అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. ప్రతి గుంతకూ అనసూయవ్వ ఎగిరి పడుతూ, "నిమ్మళం బిడ్డా, పంట బతుకాలె గని మనం గూడ బతుకాలె" అంటూనే ఉంది. మేం చేరేసరికి సాయిలు పార చేత పట్టుకొని తూము దగ్గర ఉన్నాడు. మడిలోకి నీళ్లు సన్నగా దిగుతున్నాయి.

"సాయిలూ, పార కింద వెట్టు."

అతను తల తిప్పి చూశాడు. నోరు తెరుచుకుంది. "మిషన్ స్కూటీ మీద గూడ అస్తదా?"

"అస్తది. నెత్తి మీద గూడ ఒకటిస్తది. తూము మూస్తవా, నన్ను మూయమంటవా?"

"అక్కా, నిజంగ నువ్వేనా? నేను ఏమనుకున్న అంటే..."

"నువ్వేమనుకున్నవో నాకు వద్దు."

"గాదు, జర విను. ఫోన్‌ల..."

"ఫోన్‌ల ఏమున్నది? నీ కండ్ల ముందల పురుగులు ఎగురుతుంటే ఫోన్‌ల ఏం జూస్తున్నవు?"

"గదే చెప్తున్న, మొదటిసారి..."

"మొదటిసారి లేదు, రెండోసారి లేదు. మూయి ముందు."

సాయిలు పార కింద పెట్టి తూము మూశాడు. అనసూయవ్వ చీర కుచ్చిళ్లు దోపుకొని మడిలోకి దిగింది. మొదళ్లు విడదీసి చూపించింది. గోధుమరంగు దోమలు పొట్టులా లేచాయి. అందరం కలిసి గండి కొట్టి నీళ్లు బయటికి వదిలాం. గాలి ఆడడానికి వరి మధ్య పాయలు తీశాం. అధికారి కూడా బూట్లు విప్పి దిగాడు. గుండ్రంగా ఎండిన చోట్లు పోయాయి గానీ మిగతా పంట నిలబడింది. ఆ వరిని సాయిలు కోసిన రోజు నేను గట్టు మీదే ఉన్నాను. అది చూడడానికి ఎన్ని మార్గదర్శకాలైనా చదవొచ్చనిపించింది.

బురద కాళ్లతోనే అధికారి గట్టు మీద కూర్చొని కాగితాలు తీశాడు. నా వైపు కళ్లజోడు పైనుంచి చూశాడు.

"మేడమ్, మీరు అన్నీ పాటించారు. మిషన్ అని చెప్పారు, మనిషిని పెట్టారు, ఆ మనిషి ఇంత దూరం పరుగెత్తి కూడా వచ్చింది. ఇంతవరకు ఇలా ఎవరూ చేయలేదు. కానీ మిషన్‌దీ మనిషిదీ ఒకే గొంతైతే రైతుకు తేడా ఎలా తెలుస్తుంది?"

నేను జవాబు చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, సాయిలు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఫోన్‌లో నమ్మలేదు. ఇక్కడికి వచ్చాక మనిషేనని ఎప్పుడు నమ్మావు? ముఖం చూశాకా?"

"లేదు సార్," అన్నాడు సాయిలు, పారకంటిన బురద దులుపుకుంటూ. "ముఖం జూసినా అనుమానమే ఉండె. మిషన్ అయితే మనం మాట్లాడేటప్పుడు ఆగి వింటది. ఈమె నన్ను ఒక్క మాట పూరాగ చెప్పనియ్యలే. గప్పుడు నమ్మిన."

అనసూయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధికారి ఆ మాట కాగితం మీద రాసుకున్నాడని నా అనుమానం, అడిగితే చూపించలేదు. గొంతు మార్చే షరతు మీద సేవ సాగించమన్నాడు. ఇప్పుడు మిషన్‌కు మా ఆయన గొంతు పెట్టాం. ఇన్నేళ్లలో ఆయన చెప్పింది జనం ఇంత శ్రద్ధగా వినడం ఇదే మొదలు. తొమ్మిది నొక్కితే మాత్రం ఇప్పటికీ నేనే. మా సేవ ఎలా నడుస్తుందో చూడడానికి పక్క మండలాల నుంచి కూడా వస్తున్నారు. వచ్చినవాళ్లకు మార్గదర్శకాలు నేనే చదివి వినిపిస్తాను, కాదన్న చోట వాదిస్తాను.

కాబట్టి ఇందుమూలంగా, మంజీర నీళ్లు చేత పట్టి, పూర్తి స్పృహలో ఉండి ప్రమాణం చేస్తున్నాను. నేను మనిషిని కానని ఇక ఎన్నడూ నా నోటితో చెప్పను. అనాలనుకున్నవాళ్లు వాళ్ల నోటితోనే అనాలి, వాళ్ల సంగతి నేను చూసుకుంటాను. ఏ కొత్త పని మొదలుపెట్టినా ముందు నలుగురిని అడుగుతాను. వాళ్లు చెప్పింది వింటానని మాత్రం ప్రమాణంలో లేదు.